రిక్సియా: వానతో లేచి ఎండతో దాగే మొక్క

వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు, పువ్వూ గింజా అసలే లేవు. తడినేలను కరుచుకొని, రూపాయి బిళ్లంత వెడల్పున, రెండేసి పాయలుగా చీలుతూ గుండ్రంగా పరుచుకున్న పచ్చటి పొర ఒక్కటే రిక్సియా మొక్క మొత్తం. వృక్షశాస్త్రం దీన్ని బ్రయోఫైటా విభాగంలోని లివర్‌వర్ట్‌లలో, మార్కాన్షియేలీస్ క్రమంలో, రిక్సియేసీ కుటుంబంలో ఉంచుతుంది. ఈ ప్రజాతిలో ప్రపంచమంతటా రెండు వందలకు పైగా జాతులున్నాయి. కొన్ని మాత్రమే నీటిలో పెరుగుతాయి, మిగిలినవన్నీ నేల మీదివే. తెలుగు పల్లెల్లో దీన్ని విడిగా గుర్తించేవారు తక్కువ. నాచు, పాచి అన్న మాటల్లోనే ఇదీ కలిసిపోతుంది.

లివర్‌వర్ట్ అనగానే వృక్షశాస్త్రం చదివినవారికి కొండ వాగులు, నీడ, జల్లు తడి గుర్తొస్తాయి. లివర్‌వర్ట్‌లలో ఎండకు బాగా అలవాటు పడ్డ శాఖ రిక్సియాది. ఏడాదిలో కొన్ని వారాలే నేల తడిగా ఉండే చోట కూడా అది తన జీవితచక్రాన్ని పూర్తి చేసుకోగలదు. అందుకే తమిళనాడు దక్షిణాన కోవిల్‌పట్టి, విరుదునగర్ పట్టణాల చుట్టూ ఉన్న మెట్ట భూముల వంటి చోటు దాని తీరును అర్థం చేసుకోవడానికి చక్కగా సరిపోతుంది.

కరిసల్ నేల, దాని వానలు

కోవిల్‌పట్టి, సాత్తూరు, అరుప్పుకోట్టై, విరుదునగర్ చుట్టుపక్కల నల్లరేగడిని అక్కడివారు కరిసల్ కాడు అంటారు. పత్తి, మినుము, జొన్న, సజ్జ వాన మీదే పండుతాయి. వైప్పారు, కౌశిక నది, అర్జున నది ఏడాదిలో చాలా నెలలు ఇసుక మేటలుగానే కనిపిస్తాయి. ఎండ ఎక్కువ, గాలిలో తేమ తక్కువ కావడం వల్లనే శివకాశిలో బాణసంచా, సాత్తూరు, కోవిల్‌పట్టిలలో అగ్గిపెట్టెల పరిశ్రమ వేళ్లూనుకున్నాయి. మెట్ట పంటల మీద పని చేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం కోవిల్‌పట్టిలో 1901 నుంచే ఉంది.

ఇక్కడి పల్లెల్లో నాయక రాజుల కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామానికి చెందిన రచయిత కి. రాజనారాయణన్ తెలుగు ఇంటివారే. గోపల్లపురత్తు మక్కళ్ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన కరిసల్ పలుకుబడికి ఒక నిఘంటువు కూడా కూర్చారు. ఈ నేల మీద బతుకంతా వానకోసం ఎదురుచూపే అని ఆయన కథలు చదివినవారికి తెలుసు.

ఆ వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే తమిళుల ఐప్పసి, కార్తికై మాసాల్లో, నేల తడుస్తుంది. జనవరి దాటితే ఆరడం మొదలవుతుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి రేగడి నెర్రెలు విచ్చుకుంటుంది. రిక్సియా మొలవడం, పెరగడం, ఫలదీకరణం, సిద్ధబీజాలు (స్పోర్లు) పండటం అన్నీ ఈ మూడు నాలుగు నెలల్లోనే ముగించాలి. రిక్సియా శరీర నిర్మాణం ఆ తొందరకు తగినట్టే ఉంటుంది.

స్వరూపం

మొక్క దేహాన్ని థాలస్ అంటారు. ఒక్కో పాయ వెడల్పు సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లకు మించదు. పై ముఖంలో నడిమధ్యన పొడవునా ఒక గాడి ఉంటుంది. ప్రతి పాయ కొనలో చిన్న నొక్కు, ఆ నొక్కులో పెరుగుదల కణాలు ఉంటాయి. ఒకే చోట మొలిచిన పాయలు చుట్టూ సమంగా చీలుతూ పోతే గులాబీ రేకుల అమరిక వంటి గుండ్రటి ఆకారం వస్తుంది.

అడుగున రెండు రకాల మూలతంతువులున్నాయి. ఒక రకం లోపలి గోడ నునుపుగా, రెండో రకం లోపలి గోడ బుడిపెలతో ఉంటుంది. ఇవి నిజమైన వేళ్లు కావు, ఒక్కొక్కటి ఒకే కణం. మొక్కను నేలకు పట్టి ఉంచడం, తడిని అందించడం వీటి పని. వీటితోపాటు అంచుల వెంట పల్చటి పొలుసులు వరుసగా ఉంటాయి. చాలా జాతుల్లో ఈ పొలుసులు ఊదారంగులో ఉంటాయి.

సూక్ష్మదర్శిని కింద అడ్డుకోత చూస్తే రెండు అంతస్తులు కనిపిస్తాయి. పై అంతస్తులో హరితకణాలు ఒకదానిమీద ఒకటి నిలువు వరుసలుగా పేర్చి ఉంటాయి, వరుసకూ వరుసకూ మధ్య సన్నటి గాలి సందులు ఉంటాయి. కింది అంతస్తు కణాలకు రంగు లేదు, అవి పిండిపదార్థాన్ని నిల్వ చేస్తాయి. పెద్ద మొక్కల్లో ఉండే నీటి గొట్టాల వ్యవస్థ ఇక్కడ లేదు. పై ముఖం మీద పడిన వానచినుకును కూడా దేహం నేరుగా పీల్చుకుంటుంది.

ఎక్కడ వెతకాలి

నల్లరేగడిలో దుక్కి జరిగే సాళ్ల మధ్య రిక్సియాకు నిలకడ ఉండదు. నాగలి తిరగేస్తుంది, ఎండితే మట్టే పగిలి పొడిరాలుతుంది. దాన్ని వెతకవలసింది కదలని మట్టి మీద: పొలం గట్ల వాలు, కాలిబాట అంచు, పాత మట్టిగోడ నీడ, ఇటుకల సందు, బావి చుట్టూ చిందే నీటి తడి, దక్షిణ తమిళులు కణ్మాయి అని పిలిచే చెరువుల్లో నీరు వెనక్కి తగ్గాక మిగిలిన ఒండ్రు పొర. కళుగుమలై వంటి రాతి గుట్టల పాదాల దగ్గర, బండ పగుళ్లలో చేరిన పిడికెడు మట్టి కూడా దానికి చాలు. ఎత్తైన గడ్డి పెరిగిన చోట ఉండదు. వెలుతురు కోసం పోటీపడే ఎత్తు దానికి లేదు కాబట్టి ఖాళీ నేలే కావాలి.

భారత మైదానాల్లో విరివిగా కనిపించే జాతుల్లో రిక్సియా డిస్కలర్, రిక్సియా బిలార్డియేరి ముఖ్యమైనవి. డిస్కలర్‌లో పై ముఖం పచ్చగా, అంచులూ అడుగూ ఊదాగా ఉంటాయి. రిక్సియా ఫ్రోస్టీకి ఆరుతున్న ఒండ్రు ఇష్టం. దాని మగమొక్కలు ఆడమొక్కల కంటే చిన్నవి, ఎరుపు తిరిగి ఉంటాయి. రిక్సియా క్రిస్టలైనాలో గాలి గదులు పెద్దవి. అవి పైకి తెరుచుకోవడంతో మొక్క గుల్లగా, స్పాంజిలా కనిపిస్తుంది. రిక్సియా ఫ్లూయిటన్స్ దారి వేరు. అది గుంటల నీటిలో సన్నటి పచ్చ దారాల చిక్కుముడిలా తేలుతుంది. నీటిలో ఉన్నంతకాలం దానికి మూలతంతువులు రావు, లైంగిక అవయవాలూ ఏర్పడవు. నీరు తగ్గి బురద మీద పడితే మూలతంతువులు పుట్టి నేలమొక్క రూపం దాలుస్తుంది.

విరుదునగర్ జిల్లా పడమటి అంచున కథ మారుతుంది. శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం పట్టణాల వెనక పశ్చిమ కనుమలు లేస్తాయి. బూడిదరంగు పెద్ద ఉడుతల కోసం 1988లో ప్రకటించిన అభయారణ్యం అక్కడే ఉంది. 2021లో అది శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల సంరక్షణ కేంద్రంలో భాగమైంది. కనుమల తడి లోయల్లో మార్కాన్షియా, డ్యుమార్టియేరా వంటి పెద్ద లివర్‌వర్ట్‌లకు చోటు దొరుకుతుంది. మార్కాన్షియా వీపు మీద గిన్నెల వంటి బొడిపెలు, వాటిలో జెమ్మాలనే పచ్చటి బిళ్లలు ఉంటాయి. చినుకు ఆ గిన్నెలో పడగానే బిళ్లలు చుట్టూ చిమ్ముకొని కొత్త మొక్కలవుతాయి. రిక్సియాకు ఆ గిన్నెలు లేవు.

ఎండను దాటే పద్ధతులు

నేల ఆరడం మొదలవగానే రిక్సియా పాయల అంచులు పైకి లేచి లోపలికి ముడుచుకుంటాయి. అడుగున ఉన్న ముదురురంగు పొలుసులు పైకి వచ్చి మొక్కను కప్పుతాయి. అప్పటిదాకా పచ్చగా ఉన్న చోట నల్లటి పొక్కుల వంటివి మాత్రమే మిగులుతాయి. దాదాపు పూర్తిగా ఎండినా కణాలు చావకుండా ఉండగలగడం చాలా జాతులకున్న శక్తి. మళ్లీ తడి తగిలితే అవే పాయలు విచ్చుకుంటాయి. రిక్సియా మాక్రోకార్పా అనే జాతి ఎండబెట్టి దాచిన స్థితిలో 23 ఏళ్ల తరవాత కూడా తిరిగి పెరిగినట్టు నమోదైంది.

కొన్ని జాతులు దేహమంతా కాపాడుకోవాలని చూడవు. డిస్కలర్, బిలార్డియేరిలలో ఎండాకాలం ముందు పాయల కొనలు లావెక్కి, ఆహారం నింపుకొని, మట్టిలోకి దిగి చిన్న దుంపలవుతాయి. మిగతా థాలస్ ఎండి రాలిపోతుంది. వానలు పడగానే ఆ దుంపల నుంచే కొత్త పాయలు లేస్తాయి. రేగడి మీద పెరిగే మొక్కకు ఇది మంచి భద్రత. పైపొర వేడెక్కినా కిందున్న మట్టి కొంత చల్లగా ఉంటుంది.

ప్రత్యుత్పత్తి

శాకీయ ప్రత్యుత్పత్తి సులువైనది. థాలస్ వెనక భాగం ముదిరి చివికిపోతూ ఉంటుంది. ఆ చివుకుడు పాయలు చీలిన చోటుకు చేరగానే రెండు పాయలు విడిపడి రెండు మొక్కలవుతాయి. అడుగు భాగం నుంచి కొత్త కొమ్మలు పుట్టి వేరుపడటం మరో దారి. రిక్సియా గ్లాకాలో మూలతంతువుల కొనల్లోనే జెమ్మాలు ఏర్పడతాయి. నీటిలో తేలే ఫ్లూయిటన్స్ అయితే తునకలైన కొద్దీ పెరుగుతుంది.

లైంగిక ప్రత్యుత్పత్తికి నీరు తప్పనిసరి. పై గాడి లోపల, కణజాలంలో పూడుకుపోయి ఆంథరీడియాలు అనే మగ అవయవాలు, ఆర్కిగోనియాలు అనే ఆడ అవయవాలు ఏర్పడతాయి. గ్లాకా, క్రిస్టలైనాలలో రెండూ ఒకే మొక్క మీద ఉంటాయి. డిస్కలర్, ఫ్రోస్టీలలో ఆడ, మగ మొక్కలు వేరు. పురుషబీజాలకు తోకల వంటి కశాభాలు రెండేసి ఉంటాయి. గాడిలో నిలిచిన నీటిపొరలో ఈది అవి స్త్రీబీజాన్ని చేరాలి. నడిమి గాడి ఆ వాననీటిని కాసేపు నిలిపి ఉంచే కాలువగా పనికొస్తుంది.

ఫలదీకరణం తరవాత ఏర్పడే సిద్ధబీజదం, అంటే సిద్ధబీజాలను తయారుచేసే దశ, బ్రయోఫైటాలో అత్యంత సరళమైనవాటిలో ఒకటి. ఇతర లివర్‌వర్ట్‌లలో పాదం, కాడ, గుళిక అని మూడు భాగాలుంటే ఇక్కడ గుళిక ఒక్కటే. సిద్ధబీజాలను విదిలించి చిమ్మే ఇలేటర్లు కూడా లేవు. కొన్ని మాతృకణాలు సిద్ధబీజాలు కాకుండానే కరిగి, మిగిలినవాటికి ఆహారమవుతాయి. చివరికి గుళిక గోడ కూడా కరిగిపోయి, సిద్ధబీజాలు తల్లిమొక్క కణజాలంలోనే ఉండిపోతాయి. ఆ మొక్క ఎండి చివికాకే అవి మట్టిలో కలుస్తాయి.

గాలిలోకి ఎగరలేని సిద్ధబీజం లోపంలా అనిపించవచ్చు. కరిసల్ వంటి నేలలో అదే లాభం. తల్లికి తడి దొరికిన చోటే బిడ్డకూ వచ్చే ఏడాది దొరికే అవకాశం ఎక్కువ. సిద్ధబీజాలు పెద్దవి, మందమైన గోడ గలవి, ఎండనూ కాలాన్నీ ఓర్చుకుంటాయి. దూరం పోవలసి వస్తే వాన నీటి ప్రవాహం, పశువుల గిట్టలకు అంటిన బురద తీసుకుపోతాయి.

ఆదిమమా, కుదించుకున్నదా?

ఈ నిరాడంబరత మీద వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకున్నారు. సిద్ధబీజదం సరళంగా మొదలై క్రమంగా సంక్లిష్టమైందని, రిక్సియా ఆ తొలి మెట్టు మీదే ఉందని బ్రిటిష్ శాస్త్రవేత్త బోవర్ వర్గం నమ్మింది. అందుకు విరుద్ధంగా, పూర్వికుల్లో ఉన్న పాదం, కాడ ఎండ ప్రాంతాల జీవితంలో అనవసరమై కుదించుకుపోయాయని జర్మన్ శాస్త్రవేత్త గోబెల్, భారతీయుడు శివరామ్ కశ్యప్ వాదించారు.

డీఎన్ఏ ఆధారంగా గీసిన వంశవృక్షాలు రెండో పక్షానికే బలమిచ్చాయి. రిక్సియా లివర్‌వర్ట్‌ల మొదట్లో కాదు, మార్కాన్షియేలీస్ కొమ్మల మధ్య వస్తోంది. అంటే దాని సరళత మొదటి నుంచీ ఉన్నది కాదు, తరవాత వచ్చింది.

లాహోర్‌లో పనిచేసిన కశ్యప్ (1882–1934)ను భారత బ్రయోఫైటా పరిశోధనకు పితామహుడిగా గౌరవిస్తారు. పశ్చిమ హిమాలయం, పంజాబ్ మైదానాల లివర్‌వర్ట్‌ల మీద ఆయన గ్రంథం మొదటి భాగం 1929లో వచ్చింది. తరవాత లక్నో విశ్వవిద్యాలయంలో ఎస్.కె. పాండే, రామ్ ఉదార్ రిక్సియా జాతుల అధ్యయనాన్ని ముందుకు తీసుకెళ్లారు. ప్రజాతికి పేరు పెట్టినది మాత్రం అంతకు రెండు శతాబ్దాల ముందే. 1729లో ఇటలీ శాస్త్రవేత్త మికేలి ఫ్లోరెన్స్ ప్రముఖుడు రిచ్చి పేరును దీనికి పెట్టారు. 1753లో లినేయస్ దాన్నే స్వీకరించారు.

ఉపయోగాలు

రూపాన్ని బట్టి మందును ఊహించే నమ్మకం పాత యూరప్‌లో ఉండేది. కాలేయం ఆకారం ఉందని లివర్‌వర్ట్‌లను కాలేయ జబ్బులకు వాడారు. అలాంటి ఊహే మన దేశంలోనూ ఉంది. ఉత్తరాఖండ్‌లోని కుమావూ ప్రాంతంలో గుండ్రంగా పెరిగే రిక్సియాను పిల్లల తామరకు పైపూతగా వాడతారని నమోదైంది. హిమాచల్ ప్రదేశ్ కాంగ్రా లోయలో గద్దీ గిరిజనులు ప్లాజియోకాస్మా అనే దాయాది లివర్‌వర్ట్‌ను చర్మవ్యాధులకు వాడతారు. ఇవి సంప్రదాయ వాడుకలు. వైద్యుడిచ్చే తామర మందుకు బదులుగా రిక్సియాను వాడటానికి తగిన ఆధారం లేదు.

రసాయన శాస్త్రవేత్తలకు మాత్రం ఈ కుటుంబం మీద ఆసక్తి ఉంది. రిక్సియేసీకే చెందిన నీటిమొక్క రిక్సియోకార్పస్ నాటన్స్ నుంచి వేరు చేసిన రిక్సియోకార్పిన్ అనే పదార్థం నత్తలను చంపుతుందని 1990లో ప్రచురితమైంది. ఆ నత్తల ద్వారానే షిస్టోసోమియాసిస్ అనే పరాన్నజీవి వ్యాధి మనుషులకు సోకుతుంది.

వ్యాపారంలో విలువ తెచ్చుకున్నది ఫ్లూయిటన్స్. జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానో (1954–2015) తేలే ఈ మొక్కను రాళ్లకు దారంతో కట్టి అక్వేరియం అడుగున పచ్చిక బయలులా పెంచారు. వెలుతురులో దాని మీద ఆక్సిజన్ బుడగలు ముత్యాల్లా నిలుస్తాయి. అలా అది ప్రపంచమంతా పాకింది. గుడ్ల నుంచి వచ్చిన చేపపిల్లలు దాక్కోవడానికి కూడా దీని చిక్కుముడి పనికొస్తుంది కనుక రంగుచేపలు పెంచేవారు దీన్ని ఉంచుకుంటారు.

రైతుకు నేరుగా డబ్బు తేకపోయినా నేల మీది రిక్సియా చేసే మేలు చిన్నది కాదు. నీలి ఆకుపచ్చ శైవలాలు, మాస్‌లతో కలిసి అది ఖాళీ నేల మీద సజీవమైన పెచ్చు కడుతుంది. మూలతంతువులు మట్టి రేణువులను పట్టి ఉంచడంతో గట్టు వాలు మొదటి జల్లులకే కోసుకుపోదు. ఆస్ట్రేలియా మెట్ట ప్రాంతాల నేల పెచ్చుల్లో రిక్సియా జాతులు ముఖ్యమైనవని అక్కడి పరిశోధనలు చూపాయి.

పెంపకం

నీటి రిక్సియాను పెంచడం తేలిక. గాజుతొట్టిలో పిడికెడు వేస్తే తేలుతూ పెరుగుతుంది. అడుగున పెంచాలంటే పల్చటి పరుపులా సర్ది, నైలాన్ దారంతో చదునైన రాయికి గానీ సన్నటి స్టీలు జాలీకి గానీ కట్టాలి. వెలుతురు బాగా ఉండాలి. ఒత్తుగా పెరిగాక పైన కత్తిరించకపోతే అడుగు పొర వెలుగు అందక కుళ్లి, మొత్తం ఊడి పైకి తేలుతుంది. కత్తిరించిన తునకలే తరవాతి నాటుకు విత్తనం.

నేల జాతులకు ఓపిక కావాలి. అడుగున అరంగుళం మట్టితో సహా మొక్కను తీసి, చిల్లులున్న మట్టిపాత్రలో ఉంచాలి. నీరు పైనుంచి పోయకుండా పాత్రను నీళ్ల పళ్లెంలో పెడితే కిందినుంచి తడి ఎక్కుతుంది. ఎరువు వేయకూడదు, వేస్తే శైవలాలు కమ్మేస్తాయి. పైన గాజుమూత ఉంచితే తేమ నిలుస్తుంది, నడి ఎండ మాత్రం తగలరాదు. సిద్ధబీజాలు నల్లటి చుక్కలుగా కనిపించాక నీరు ఆపి మట్టిని నెమ్మదిగా ఆరనివ్వాలి. ఆ మట్టినే నీడలో దాచి, మరుసటి వానాకాలం తడిపితే కొత్త తరం వస్తుంది. ప్రయోగశాలల్లో థాలస్ కొనలను శుభ్రపరచి, నాప్ లవణాలు కలిపిన అగార్ మీద పెంచుతారు.

ముప్పు, చేయవలసిన పని

రిక్సియాకు శత్రువు ఎండ కాదు, సిమెంటు. బాటల అంచులు, బావి అరుగులు, చెరువు గట్లు కాంక్రీటు అయిన కొద్దీ దానికి కావలసిన ఖాళీ మట్టి తగ్గుతుంది. గట్ల మీద చల్లే కలుపు మందు కూడా గడ్డితో పాటు దీన్నీ చంపగలదు.

జాతిని గుర్తించాలంటే పండిన సిద్ధబీజాల గోడ మీది నగిషీని సూక్ష్మదర్శిని కింద చూడాలి, పచ్చటి పొరను చూసి చెప్పడం కష్టం. నమూనాలు సేకరించడానికి మాత్రం ఖరీదైన సామగ్రి ఏమీ అక్కర్లేదు. కోవిల్‌పట్టి, విరుదునగర్ కళాశాలల్లో వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు ఐప్పసి వానలు పడ్డ మూడు నాలుగు వారాలకు ఒక చేతి భూతద్దంతో పొలం గట్లు, కణ్మాయి ఒండ్రులు చూడవచ్చు. నమూనాను మట్టితో సహా కాగితం పొట్లంలో ఆరబెట్టి, దాని మీద తేదీ, ఊరు, నేల రకం రాయాలి. చాలా మొక్కలను ఉన్నచోటే వదిలి కొద్దిగా మాత్రమే తీయాలి. కోయంబత్తూరులోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంతీయ కేంద్రంలో ఇలాంటి నమూనాలను పోల్చిచూడటానికి హెర్బేరియం ఉంది. రాయలసీమ, పాలమూరు మెట్టల్లోని అధ్యాపకులూ విద్యార్థులూ తమ ఊళ్లలో ఇదే పని చేపట్టవచ్చు.